బుట్ట మీది చీటీ

మొన్న హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కన పళ్ళబండి దగ్గర చిన్న వాదన మొదలైంది. కారు దిగివచ్చిన ఒకాయన కాయ చేతిలోకి తీసుకుని, "తోతాపురి ఎట్లా ఇస్తున్నావమ్మా?" అన్నాడు.

"తోతాపురి కాదండీ, కలెక్టరు కాయలండీ," అంది బండి దగ్గరున్నామె.

"రెండూ ఒకటేనమ్మా."

"మీకు ఒకటేనేమోనండి. మా ఆయన చెట్టెక్కి కోసింది మాత్రం కలెక్టరే."

ఆయన నవ్వేసి, కలెక్టరు కాయలే కొనుక్కుని వెళ్ళిపోయాడు. నా బస్సు వచ్చింది. నేను ఎక్కలేదు. ఆ వాదన వింటే ఎంతో ముచ్చటపడే మనిషి ఒకావిడ ఉండేది. మొన్న మాఘంలో, తోటలింకా పూత మీద ఉండగానే పోయింది. బస్సు ఎందుకు ఎక్కలేదో చెప్పాలంటే ముందు ఆవిడ గురించి చెప్పాలి.

పేరు రాయను. పేరు ఆవిడే వద్దంది. మా సైటులో పేరు పెట్టుకోమంటే, "నా పేరుతో ఎవరికేం పని బాబుగారూ, కథ దొరికితే చాలు," అంది. ఖాళీగా వదిలేస్తే కంప్యూటరు ఒప్పుకోదన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే షెడ్డు అని పెట్టండి," అంది. చివరిదాకా అందరికీ ఆవిడ 'షెడ్డు'గానే తెలుసు.

నూజివీడు బస్టాండు దగ్గర నాకో చిన్న కంప్యూటరు షాపు ఉంది. జిరాక్సులు, అప్లికేషన్లు, హాల్‌టికెట్లు. దాంతోపాటు ఒక సైటు కూడా నడుపుతున్నాను. అభిమానులు రాసే కథల సైటు. టీవీ సీరియల్లోనో సినిమాలోనో తమకు నచ్చిన పాత్రల్ని తీసుకుని జనం సొంతంగా కథలు రాసి అందులో పెడతారు. సీరియల్ వాళ్ళు చంపేసిన మనిషిని బతికిస్తారు. విడిపోయినవాళ్ళని కలుపుతారు. కథ పెట్టేటప్పుడు, అది ఎవరి గురించో, ఎలాంటిదో తెలిసేలా నాలుగు మాటలు తగిలిస్తారు. వాటిని ట్యాగులంటాం. చదివేవాళ్ళు ఆ మాటలు పట్టుకునే వెతుక్కుంటారు. ఆవిడ మాత్రం వాటిని చీటీలనేది.

మొదటిసారి ఒక మధ్యాహ్నం షాపుకి వచ్చింది. అరవై దగ్గర పడిన మనిషి. స్టూలు చూపిస్తే కూర్చోలేదు. ఫోను నా ముందు పెట్టి చుక్కల తాళం తీసింది. గుమ్మం ముందు ముగ్గేసినట్టు ఒక్క గీతలో చుక్కలన్నీ కలిపింది. వేలిముద్ర పెట్టుకుంటే తేలిక కదా అంటే, చేయి తిప్పి చూపించింది. మామిడి షెడ్డులో ముప్పై ఏళ్ళు కాయలు ఏరిన చేయి అది. సొన తగిలి తగిలి వేళ్ళ మీద గీతలన్నీ చెరిగిపోయాయి.

"ఈ కథల సైటు మీదేనా బాబుగారూ?"

"నాదే. ఏం కావాలమ్మా?"

"సీరియల్లో చిన్నవదిన మీద రాసిన కథ ఒకటి పోయినవారం సగం చదివానండి. మళ్ళీ ఎతికితే దొరకట్లేదు."

"చిన్నవదిన అని కొట్టి చూశావా?"

"చూశానండి. బోలెడన్ని వచ్చినియ్యి. అందులో ఇది లేదు. రాసినామె చిన్నవదిన అని రాయలేదు, 'మా వదినమ్మ' అని రాసుకుంది. ఇంకొకామె 'పాపం చిన్నది' అని రాసింది. ఒకాయనైతే ఆ వేషం వేసినామె పేరు రాశాడు. అందరూ రాసేది ఒక్క మనిషి గురించే కదండీ. మీ సైటుకి ఆ సంగతి తెలీదా?"

తెలియదన్నాను. ఆవిడ నమ్మలేనట్టు చూసింది.

"అదేంటండీ. మా షెడ్డులో పదిరోజులు పనిచేస్తే ఎవరికైనా తెలిసిపోద్దే."

అప్పుడు నిలబడే చెప్పింది. షెడ్డుకి ఆగిరిపల్లి నుంచీ చింతలపూడి నుంచీ బుట్టలు వస్తాయి. ఒక రైతు బుట్ట మీద బంగినపల్లి అని చీటీ పెడతాడు. అదే కాయకి ఇంకో రైతు బేనిషా అని పెడతాడు. మరొకాయన 'మా నాన్న చెట్టు' అని పెడతాడు. "చీటీ మేం చింపమండి. ఆయన కాయ, ఆయన పెట్టుకున్న పేరు. మేం కాయ చూసి ఏ రాశిలో పొయ్యాలో ఆ రాశిలో పోస్తాం. కొనేవాడు ఏ పేరు చెప్పి అడిగినా ఆ రాశి దగ్గరికే తీసుకెళ్తాం. అంతేగదండీ?"

అంతే. ఏడాదిన్నరగా నేను తల బద్దలు కొట్టుకుంటున్న సంగతి అది. అందరూ ఒకే మాట వాడేలా చేయాలని నేను చూశాను. జాబితా ఇచ్చి అందులోంచే ఎంచుకోమంటే రాసేవాళ్ళు అలిగి వెళ్ళిపోయారు. ఎవరి మాట వాళ్ళకి ఉంచి, వెనకాల మాత్రం ఒక రాశిలో పోయొచ్చని నాకు తోచనేలేదు. ఏడో తరగతితో చదువాపేసిన మనిషి, స్టూలు మీద కూర్చోవడానికి కూడా మొహమాటపడుతూ, జిరాక్సు మిషను పక్కన నిలబడి రెండు నిమిషాల్లో చెప్పేసింది.

వారంలో ఆ ఏర్పాటు చేశాను. ఏ చీటీ ఏ రాశిలోకి వెళ్తుందో చూసే పని ఆవిడే తీసుకుంది. కాయల రోజుల్లో షెడ్డులో భోజనాల వేళ, క్యారేజీ మూత మీద ఫోను నిలబెట్టుకుని చూసేది. సీజన్ అయిపోతే ఇంట్లో, పొద్దున్నే. చూసేదంటే మామూలుగా చూడడం కాదు. కాయని ఏరేవాళ్ళని గమనించారా? చేతిలో ఒకసారి తూచి, ముచ్చిక దగ్గర వాసన చూసి, బొటనవేలితో అదిమీ అదమనట్టు అదుముతారు. ఆవిడ మాటల్ని అలా చూసేది. అనుమానం వస్తే రాశిలో పోసేది కాదు. రాసినవాళ్ళకే వాయిస్ మెసేజ్ పెట్టేది. ఎప్పుడూ ఒకే ప్రశ్న.

"ఏమనుకుని పెట్టారండీ ఈ మాట?"

ఒకసారి ఎవరో తమ కథకి 'మజ్జిగ' అని పెట్టారు. ఆ కథలో మజ్జిగ ఎక్కడా లేదు. వంటల కింద పడెయ్యమన్నాను. "ఆగండి, అడుగుదాం," అంది. రెండురోజులకి జవాబొచ్చింది. వాళ్ళింట్లో పోట్లాట అయ్యాక ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పరట. తప్పు ఎవరిదో వాళ్ళే లేచి వెళ్ళి మజ్జిగ కలిపి తెచ్చి అవతలివాళ్ళ ముందు పెడతారట. తాగితే రాజీ అయినట్టు. ఆ మెసేజ్ నాకు వినిపించి, "చూశారా, వంటల కింద పోసుంటే ఏమయ్యేది?" అంది. 'మజ్జిగ'కి ఒక చిన్న రాశి విడిగా పెట్టింది. ఆరునెలలు తిరిగేసరికి, మాటల్లేకుండా కలిసిపోయే కథలన్నిటికీ జనం మజ్జిగ అనే పెట్టడం మొదలుపెట్టారు.

ఇంత పని చేసే మనిషిని నేను 'నువ్వు' అనే పిలిచాను. మాకు తోటలున్నాయి. మా నాన్న హయాంలో మా కాయ కూడా ఆవిడ చేతుల మీదుగానే వెళ్ళింది. ఆవిడ నన్ను బాబుగారు అనడం, నేను నువ్వు అనడం మా ఇద్దరికీ పుట్టుకతో వచ్చినట్టే ఉండేది. ఇప్పుడు ఆవిడ అని రాస్తున్నాను. ఇది కూడా ఆలస్యమే.

ఇక నా తప్పు.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పని చేసే స్నేహితుడొకడు పెళ్ళికి వచ్చి షాపులో కూర్చున్నాడు. సైటు చూసి, "ఇదేంట్రా, ట్యాగులా సంతా? ఒక్కోటి పేరాగ్రాఫంత ఉంది," అని పడీపడీ నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వాడు వెళ్ళిన మర్నాడే చిన్న ప్రోగ్రాం రాశాను. నాలుగు మాటలు దాటిన చీటీలు, ఒకటి రెండు కథలకే ఉన్న చీటీలు తీసేస్తుంది. ఆవిడకి ఫోను చేసి చెప్పాను.

"వద్దు బాబుగారూ. చిక్కంతో ఒక్కోటీ కోసుకోవాల్సిన కాయని కొమ్మ పట్టుకుని దులుపుతారేంటండీ?"

"ఇది కంప్యూటరమ్మా, తోట కాదు," అన్నాను. నవ్వాను కూడా.

దులిపేశాను. అరగంట పట్టలేదు. మళ్ళీ వెనక్కి తెచ్చుకోడానికి కాపీ తీసిపెట్టుకోవాలన్న ఇంగితం కూడా లేకపోయింది. ఆ సాయంత్రం సైటు కడిగిన పలకలా ఉంది. నాకు చాలా గొప్పగా అనిపించింది.

మూడోరోజు సైటులోనే, అందరికీ కనబడేలా ఒక ఉత్తరం వచ్చింది. చింతలపూడిలో బట్టలు కుట్టుకునే అమ్మాయి రాసింది. ఆ అమ్మాయికి పురిట్లో బిడ్డ పోయి రెండునెలలైంది. ఏదో ఒకటి చదువుతూ ఉంటే కాస్త తెరిపిగా ఉంటుందని మా సైటుకి వచ్చేది. చిన్నవదిన కడుపుతో ఉన్న కథ ఒకటి కొత్తగా వచ్చింది. 'చీటీలు రెండుసార్లు చూసుకుని మరీ మొదలుపెట్టాను. ఏమీ లేదు. చివర్లో బిడ్డ పోయింది. నేను వెతికి మరీ చూసుకున్నాను కదండీ' అని రాసింది. ఇక మీ సైటుకి రానని చివర రాసింది.

ఆ కథ రాసినామె చీటీ పెట్టింది. నాకు గుర్తుంది. 'పురిట్లో బిడ్డ పోతుంది, ఆ బాధ తెలిసినవాళ్ళు ఇది చదవొద్దమ్మా' అని. పొడుగు చీటీ. ఒక్క కథకే ఉన్న చీటీ. నా ప్రోగ్రాం ముందు తీసేసినవాటిలో అది ఒకటి.

ఆ ఉత్తరం చాలామంది చూశారు. ఏం జరిగిందని అడిగారు. అప్పుడు నేను సైటు మొదటిపేజీలో నోటీసు పెట్టాను. 'ట్యాగులు చూసే వాలంటీర్ల పొరపాటు వల్ల కొన్ని ట్యాగులు పోయాయి. చింతిస్తున్నాం.' అంతే. వాలంటీర్లు అని బహువచనం వాడాను గానీ, మా సైటులో ట్యాగులు చూసేది ఒక్క మనిషేనని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. కాయలు ఏరుకునే మనిషి తప్పు చేసిందంటే ఎవరైనా ఇట్టే నమ్ముతారని కూడా తెలుసు. తెలిసే రాశాను.

కింద జనం ఏమన్నారో అన్నీ రాయను. 'షెడ్డు చేతిలో పెడితే ఇంతే.' 'చదువుకున్నవాళ్ళే దొరకలేదా?' ఆవిడ అవన్నీ చదివింది. ఒక్కదానికీ బదులివ్వలేదు.

మర్నాడు గుడ్డసంచీతో షాపుకి వచ్చింది. ఈసారి అడగకుండానే స్టూలు లాక్కుని కూర్చుంది. సంచీలోంచి కట్ట తీసింది. పాత తెలుగు క్యాలెండరు కాగితాలు. నెల అయిపోగానే చింపి దాచుకున్నవి. వెనకవైపు తెల్లగా ఉన్నచోటల్లా పెన్నుతో సన్నగా రాసి ఉంది. కథ పేరు, రాసినవాళ్ళ పేరు, చీటీ.

"ఏంటమ్మా ఇవి?"

"నచ్చిన చీటీలు రాసుకునేదాన్నండి. మీరు పొడుగని తీసేసినియ్యే ఉంటాయి చూడండి. నాకు నచ్చేవి అవే."

మూడేళ్ళ క్యాలెండర్లు. పండుగల ఎర్ర అంకెలు కాగితం వెనక్కి కొద్దిగా దిగి కనబడుతున్నాయి. వాటి మధ్యన, నేను చెత్త అనుకుని ఊడ్చేసిన మాటలన్నీ వరసగా ఉన్నాయి. ఆ కాగితాలు ఒక్కోటీ తిప్పి చూశాను. మనుషులు తమ దుఃఖానికీ సరదాకీ పెట్టుకున్న పేర్లు అన్నన్ని ఒక్కచోట అంతకుముందెప్పుడూ చూడలేదు.

"నోటీసు చూశావా?" అన్నాను ఎట్టకేలకు.

"చూశానండి."

కాగితాల కట్ట బల్ల మీద పెట్టి అంచులు సర్దాను.

"ముందు ఆ బిడ్డ చీటీ పెట్టండి బాబుగారూ. ఈలోపు ఇంకో అమ్మాయి చదువుద్ది. తగువుంటే తర్వాత ఆడుకుందాం."

నా చేత కూడా కొట్టించలేదు. కీబోర్డు తన ముందుకి జరుపుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తనే పెట్టింది. చాలాసేపు పట్టింది. జిరాక్సుల కోసం వచ్చినవాళ్ళు వెనక నిలబడ్డారు. ఎవరినీ పట్టించుకోలేదు.

మిగిలినవి పెట్టడానికి పన్నెండు రోజులయింది. ఆవిడ చదివేది, నేను కొట్టేవాణ్ణి. 'అత్త మారదు, ఆశపడకండి' అని ఆవిడ చదివితే, పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సుకి వచ్చిన రైతు పగలబడి నవ్వాడు. "ఎవరండీ రాసింది? మా ఇంటికొచ్చి చూశారా ఏంటి?" అన్నాడు. "చూడకపోతే అంత ఖచ్చితంగా ఎట్టా రాస్తారండీ," అంది ఆవిడ తలెత్తకుండా.

ఆఖరి కాగితం అయిపోయాక నోరు తెరిచాను. "ఆ నోటీసు..."

"తీసేస్తారా?"

"ఇప్పుడు మారిస్తే మళ్ళీ అందరూ గొడవ చేస్తారమ్మా. కొన్నాళ్ళు పోనిద్దాం."

ఆవిడ నన్ను చూసింది. ముచ్చిక దగ్గర బొటనవేలు పెట్టి అదిమినప్పటి చూపు. ఇంకా పచ్చిగానే ఉందని తెలిసినప్పుడు కాయని ఏం చేస్తారు? విసిరెయ్యరు. పక్కన పెడతారు.

"సరేనండి," అని సంచీ మడుచుకుని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్న మళ్ళీ మామూలుగానే చీటీలు చూసింది.

ఏడాది తర్వాత, చింతలపూడి అమ్మాయి మళ్ళీ వచ్చింది. తనూ చీటీల పని నేర్చుకుంటానంది. నేను ఆశ్చర్యపోతే ఫోనులో చెప్పింది.

"షెడ్డు పిన్నిగారు అప్పట్లోనే మా ఇంటికొచ్చారు సార్. సంచీలో రసాలు తెచ్చారు. 'మా సైటులో చీటీ ఊడిపోయిందమ్మా, తప్పు జరిగింది' అన్నారు. నేను ఆవిడ మీద చాలా అరిచాను సార్. అంతా విన్నారు. విని, బిడ్డకి పేరేమనుకున్నావమ్మా అని అడిగారు. అప్పటిదాకా ఎవరూ అడగలేదు సార్. మా ఆయన కూడా. పుట్టి ఒక పూటన్నా బతకలేదు కదా, పేరెందుకు అన్నట్టే చూశారందరూ. నేను లోపల ఒక పేరు పెట్టుకున్నాను. అది ఆవిడకొక్కరికే చెప్పాను."

ఎవరివల్ల తప్పు జరిగిందో ఆవిడ చెప్పలేదు. 'మా సైటులో' అంది, అంతే. ఆ అమ్మాయి మాత్రం ఆ తప్పు ఆవిడదేననుకుంది. అనుకునే క్షమించింది. ఆవిడ దగ్గరే పని నేర్చుకుంది. నిజం చెప్పడానికి ఫోనులో నాకు మంచి అదను దొరికింది. "మంచి మనిషమ్మా ఆవిడ," అని ఊరుకున్నాను.

ఆవిడ పోయినప్పుడు సైటులో నివాళి రాశాను. చాలామంది రాశారు. అందులో ఒకరు, 'అప్పుడొక తప్పు చేసినా దిద్దుకున్న మనిషి' అని రాశారు. ఎంతో ప్రేమగానే రాశారు. ఆ మాట చూసి కూడా నేను కదల్లేదు. వాళ్ళకి ఇష్టంలేని పేరేదీ ఎవరి బుట్ట మీదా అంటించని మనిషి ఆవిడ. ఆవిడ బుట్ట మీద నేను అంటించిన చీటీ మాత్రం అలాగే ఉండిపోయింది.

హనుమాన్ జంక్షన్‌లో బస్సు ఎక్కకపోవడానికి కారణం ఇది. "మా ఆయన చెట్టెక్కి కోసింది మాత్రం కలెక్టరే," అని ఆమె గట్టిగా అంటుంటే, ఇంటికి వెళ్ళాక చేద్దామనుకుంటే ఇంకెప్పటికీ చెయ్యనని అర్థమైంది. లారీల రొదలో, పక్కనున్న టీకొట్టు ముందు బల్ల మీద కూర్చుని, ఫోనులో ఆ పాత నోటీసు తెరిచాను. ఉన్నది ఉన్నట్టు రాశాను. ప్రోగ్రాం నేను రాశాను, ఆవిడ వద్దంది, నేను వినలేదు, తర్వాత అబద్ధం చెప్పాను. కింద నా చీటీ పెట్టాను. 'తప్పు నాదే, ఆవిడది కాదు.'

కొత్త చీటీ ఎవరు పెట్టినా ముందు చూసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఆగుతుంది. ఇప్పుడు చూసేది చింతలపూడి అమ్మాయి. అది ఏ రాశిలో పోయాలో తనే చెప్పాలి. మరో బస్సు వెళ్ళిపోయింది. ఫోను మోగింది. ఆ అమ్మాయే.

"ఏమనుకుని పెట్టారు సార్ ఈ మాట?"

గొంతు వేరు. అడిగిన తీరు ఆవిడదే. మొదటి నుంచీ చెప్పాను. దులిపిన రోజు నుంచి నివాళి దాకా. మొదట్లో అవతల కుట్టుమిషను చప్పుడు వినిపిస్తూ ఉంది. మధ్యలో ఎక్కడో ఆగిపోయింది.

 

"నేను ఆవిణ్ణి ఎన్ని మాటలన్నానో తెలుసా సార్ మీకు?" అంది.

"తెలుసమ్మా. నువ్వే చెప్పావు."

"తెలిసి కూడా ఊరుకున్నారు."

"ఊరుకున్నాను."

 ఆ అమ్మాయి ముక్కు చీదుకుని, పని గొంతుతో మాట్లాడింది.

"దీన్ని మజ్జిగ కింద పెట్టను సార్. ఇప్పుడే కాదు. విడిగా ఉండనివ్వండి."

సరేనన్నాను. ఫోను పెట్టేసింది. సైటు తెరిచి చూస్తే నా చీటీ ఏ రాశిలోనూ లేదు. చింపలేదు కూడా. నేను పెట్టిన మాట, నా పేరుతో, ఒక్కటే పక్కన పెట్టి ఉంది.